చావుకు ముందే రాసిన వాక్యం

కాలేజీ వాచ్‌మన్ గంగాధరప్ప చనిపోయింది ఫిబ్రవరి తొమ్మిదిన. అతని చావు గురించిన వాక్యం మాత్రం జనవరి ఇరవై రెండునే ఇంటర్నెట్‌లోకి ఎక్కి కూర్చుంది.

డిటెక్టివ్ హేమలత ఆ రెండు తేదీలనూ మళ్లీ మళ్లీ చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చూసింది. మనిషినైతే గదమాయించి మాట మార్పించవచ్చు, కంప్యూటరును ఏమని గదమాయిస్తుంది? కొత్తచెరువు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పైన ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. ఆ రోజు రెండో శనివారం కావడంతో కాలేజీకి సెలవు. ఆ ఫ్యాను చప్పుడు తప్ప భవనం మొత్తం మీద ఇంకో అలికిడి లేదు.

"ఇంకోసారి చదువు," అంది హేమలత.

పక్క కుర్చీలో కూర్చున్న ఆశ్రిత గొంతు సవరించుకుంది. బీయస్సీ చివరి సంవత్సరం పిల్ల. నాలుగు రోజులుగా నిద్ర లేదని ముఖమే చెబుతోంది.

"'కొత్తచెరువులోని మారెమ్మ గుండ్ల వద్ద దుమ్ములగొండి ఒక వ్యక్తిని చంపింది. అప్పటి నుంచి స్థానికులు అటు వెళ్లడం మానుకున్నారు.' ఇంతే అక్కా."

ఈ వాక్యం ఉన్నది ఒక ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో, 'పట్టణాల్లో వన్యప్రాణులు' అనే వ్యాసంలో. ఆ విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నైనా దిద్దవచ్చు. కానీ ఎవరి పేరుతో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో వెనక ఇంకో పేజీలో ఉండిపోతుంది. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. జంతుశాస్త్రం లెక్చరర్ నారాయణప్ప ఈ ఏడాది విద్యార్థులకు కొత్త రకం ప్రాజెక్టు ఇచ్చాడు. తలా ఒక వ్యాసం తీసుకుని అందులో ఏది నిజం, దేనికి ఆధారం ఉంది, ఏది నోటికొచ్చిన మాట అని తూకం వేసి మార్కులు వేయాలి. ఆశ్రిత వంతుకు ఈ వ్యాసం వచ్చింది. మటన్ మార్కెట్ మీద తిరిగే గద్దలు, సినిమా హాలు చూరు కింద గబ్బిలాలు, మురిక్కాలువల్లో ముంగిసలు... అంతా బాగానే ఉంది. చివర్లో ఈ దుమ్ములగొండి, అదే హైనా, వచ్చి పడింది.

వచ్చి పడిన చిక్కల్లా ఒకటే. ఆ వాక్యం రాసినట్టు నమోదైంది ఆశ్రిత పేరుతోనే. చావు గురించి ముందే తెలిసిన పిల్లకు చంపినవాళ్లు కూడా తెలిసే ఉండాలని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మల్లికార్జున లెక్క. ఈ రాత్రికి స్టేషనుకు తీసుకుపోతానని ఇంటికి కబురు కూడా పంపాడు. దాంతో ఆమె తండ్రి, వేరుశనగ రైతు పుల్లన్న పొద్దున్నే అనంతపురం వచ్చి హేమలత ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. "నా బిడ్డను ఆ స్టేషను గడప తొక్కనీయద్దమ్మా," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆ మాట హేమలత గుండెలో ముల్లులా దిగింది.

"నేను రాయలేదక్కా. మా నాయన మీద ఒట్టు."

"ఒట్లు కోర్టులో చెల్లవు తల్లీ. జనవరి ఇరవై రెండున యాడుంటివి?"

"చిలమత్తూరులో. మా పిన్నమ్మ కూతురు పెండ్లి. పెండ్లి వీడియోలో పొద్దుట్నించీ సాయంత్రం దాకా నేనే కనపడతా."

"మరి నీ పేరుతో ఎట్లొచ్చింది? నీ పాస్‌వర్డ్ ఎవురికి తెలుసు?"

ఆశ్రిత నల్లబల్ల పై మూలకు వేలు చూపించింది. సుద్దతో డబ్బా గీసి, లోపల ఇంగ్లీషులో కాలేజీ పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. కింద 'చెరపరాదు' అని ఉంది.

"అందరికీ అదేనా?"

"అందరికీ అదే. పిల్లోళ్లు మర్చిపోతారని సారే మొదటిరోజు అందరి పేర్లతో ఖాతాలు తెరిచి ఆడ రాసినాడు."

హేమలతకు నవ్వొచ్చింది. తాళం వేసి తాళంచెవి గడప మీద మేకుకు తగిలించి పోయినట్టుంది వ్యవహారం. అంటే ఈ గదిలోకి అడుగుపెట్టిన ఎవరైనా ఆశ్రిత కావచ్చు.

"సరే. ఈ వాక్యానికి నువ్వు ఎన్ని మార్కులేసినావు?"

"పదికి ఒకటి." పిల్ల గొంతులో మొదటిసారి కొంచెం జీవం వచ్చింది. "ఆ ఒకటీ దుమ్ములగొండి పేరు సరిగ్గా రాసినందుకు. మొదట దానికి ఆధారమే లేదు. ఆధారం కావాలని నేను గుర్తు పెట్టినా. నాలుగు రోజులకు ఎవురో ఒక పేపరు వార్త తెచ్చి అంటించినారు. నేను ఆ పేపరు తీసి చూసినా. ఇంటర్నెట్‌లో ఉన్న సమాచారం ప్రకారం అని రాసినారు ఆ వార్తలో. అంటే ఈ వాక్యానికి ఆ వార్త సాక్షి, ఆ వార్తకు ఈ వాక్యం సాక్షి. ఒగరి భుజం మీద ఒగరు చెయ్యేసుకోని నిలబడినారు. ఇద్దరి కాళ్ల కిందా నేల లేదు."

హేమలత ఆ పిల్లను కొత్తగా చూసింది. ఇరవై ఏళ్ల సర్వీసున్న పోలీసులు కూడా ఇంత శుభ్రంగా సాక్ష్యాన్ని చీల్చి చెప్పగా ఆమె వినలేదు.

"ఇంకొకటి అక్కా. దుమ్ములగొండి బతికేది సచ్చిన గొడ్ల మీద, వాటి దుమ్ముల మీద. ఎముకలు అరాయించుకుంటుంది కాబట్టే దాని పెంటిక సుద్దముక్క మాదిరి తెల్లగా ఉంటుంది. ఇదంతా ఇదే వ్యాసంలో పైన ఆధారాలతో సహా ఉండాది. ఒకే వ్యాసంలో పైపేరా కిందిపేరాను అబద్ధం చేస్తాంది."

"ఈ సంగతి ఎవురికన్నా చెప్పినావా?"

"సార్‌కు చెప్పినా. చూస్తాలే అన్నాడు. గంగాధరప్పకు చెప్పినా. పకపకా నవ్వి, 'నేను దినామూ ఆ గుండ్ల మీదుగానే ఇంటికి పోతాండా, ఏ గొండీ నన్ను పలకరించలేదే' అన్నాడు. తొమ్మిదో తేదీ పొద్దున ఆడే పడుండె." పిల్ల కళ్లు నిండాయి. "ఆడపిల్లోళ్లు ల్యాబులో ఆలస్యమైతే బస్సెక్కేదాకా తోడొచ్చేవాడక్కా. వాచ్‌మన్‌కు అది డ్యూటీ కాదు."

హేమలత లేచింది. ఆ కన్నీళ్ల ముందు తన దగ్గర ఓదార్పు లేదు. చెయ్యాల్సిన పని మాత్రం ఉంది.

"నేను గుండ్ల దగ్గరకు పోయొస్తా. నువ్వు ఈ కుర్చీ వదలొద్దు. ఆ పేజీలో అక్షరం కదిలినా నాకు ఫోన్ చెయ్యి."

గుమ్మం బయట 'చెప్పులు విడిచి లోనికి రావలెను' అన్న బోర్డు కింద రెండే జతలు ఉన్నాయి. ఒకటి హేమలతది. రెండోది ఆశ్రిత నీలిరంగు హవాయి జత. ఎడమకాలి చెప్పు వారు తెగితే పిన్నీసుతో బిగించుకుంది. పుల్లన్న బిడ్డ కదా అనుకుని హేమలత తన చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

* * *

మారెమ్మ గుండ్ల దగ్గర హేమలతకు మొదట వినిపించింది నిశ్శబ్దం.

ఊరు పెరిగి పెరిగి ఆ గుండ్లను మూడువైపులా చుట్టేసింది. ఇళ్లు, వర్క్‌షాపులు, కట్టెల డిపో. ఇంత ఊరి నడుమ ఏనుగులంత రాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నాయి. ఆశ్రిత చూపించిన వ్యాసం ప్రకారం ఇక్కడ తొండలు, ఉడుతలు, కౌజులు, పిగిలిపిట్టలు కళకళలాడాలి. మధ్యాహ్నం మూడు గంటల ఎండలో ఒక్క తొండ తల ఊపలేదు. ఒక్క పిట్ట కూయలేదు. చివరికి చీమలు కూడా ఆ రాళ్లను వదిలేసి ఎటో పోయినట్టున్నాయి. ఎవరో అందరినీ వెళ్లగొట్టి, తాము మాత్రం లోపల కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు అనిపించింది. హేమలతకు ఒళ్లు జలదరించింది. పట్టపగలు భయపడినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

గుండ్ల చుట్టూ సున్నం, ఎర్రమన్ను పూసిన రాళ్ల వరుస ఉంది. అది అమ్మవారి గీత. దాన్ని చెప్పులతో ఎవరూ దాటరు. మల్లికార్జున మాత్రం బూట్లతోనే లోపల నిలబడి ఉన్నాడు.

"రాండి రాండి హేమలతమ్మా! దుమ్ములగొండికి కూడా వకాల్తా తీసుకున్నారా ఏమి?"

"అది ఫీజు ఇయ్యలేదు సార్. అందుకే ఆ పిల్ల తరఫున వచ్చినా."

ఇన్‌స్పెక్టర్ పక్కన నారాయణప్ప ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. గాయాలు జంతువువేనని చెప్పడానికి ఇన్‌స్పెక్టరే పిలిపించాడట. హేమలతను చూసి మర్యాదగా గీత దగ్గరకు ఎదురొచ్చాడు.

"అమ్మవారు, దయ్యం అని ఊర్లో ఏమేమో అంటాన్నారు మేడమ్. ఇరవై ఏండ్లుగా క్లాసులో చెప్తాండా, ఇవన్నీ మూఢనమ్మకాలని. ఇది సైన్సుకు సంబంధించిన విషయం. ఆకలిగొన్న జంతువు, ఒంటరి మనిషి, అంతే."

చెబుతూ చెబుతూ ఆయన వెనక్కి తిరిగి గీత లోపలికి నడిచాడు. నడవబోయే ముందు, కిందికి చూడకుండానే, మాట ఆపకుండానే, రెండు కాళ్ల నుంచీ బూట్లు జార్చి రాళ్ల వరుస బయట వదిలాడు. హేమలత కూడా తన చెప్పులు విడిచింది. బండ నిప్పులా కాలింది. ఈ ఊళ్లో పుట్టిన కాళ్లు నోటి మాట వినవు కాబోలని ఆమె లోలోపల నవ్వుకుంది.

"సార్, పోస్టుమార్టంలో ఎన్ని ఎముకలు విరిగినాయి?" అని ఇన్‌స్పెక్టర్‌ను అడిగింది.

"ఒకటీ లేదు. గొంతు చీరింది. అంతే."

"దుమ్ములు తినే జంతువు దుమ్ము ముట్టకుండా పోయిందా?"

"జనం అలికిడికి పారిపోయింటుంది." మల్లికార్జున విసుక్కున్నాడు. "చూడమ్మా, ఆ పిల్ల పేరుతో ముందే రాత ఉంది. ఎవురితోనో చేరి నాటకమాడింది. లేదంటే నిజంగానే జంతువుండి, ఆ పిల్ల దాన్ని ముందే చూసింది. రెండిట్లో ఏదో సాయంత్రానికి నేను చెప్పిస్తా."

"చెప్పించేది ఆ పేజీనే సార్." హేమలతకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పాస్‌వర్డ్ నల్లబల్ల మీద ఉంది. రాసినోడు మళ్లీ రాయకుండా ఉండలేడు. ఆశ్రితను ఒక్కదాన్నే ల్యాబులో కూర్చోబెట్టొచ్చినా. ఆ పేజీలో అక్షరం కదిలితే నిమిషంలో నాకు తెలుస్తుంది."

"శభాష్," అన్నాడు మల్లికార్జున వెటకారంగా.

నారాయణప్ప చేతి గడియారం చూసుకున్నాడు. "నాకు క్లాసు ఉంది సార్. గాయాల రిపోర్టు రేపు రాసిస్తా." గీత బయట బూట్లు తొడుక్కుని స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

హేమలత రాళ్ల వెనక్కి నడిచింది. ఒక సందులో తెల్లటి పెంటికలు కనపడ్డాయి. ఎండి, పొడిపొడిగా రాలుతున్నాయి. అంటే దుమ్ములగొండి ఒకప్పుడు ఇక్కడ ఉన్న మాట నిజమే. ఎప్పుడో వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిపోయిందో ఇంకో పది అడుగులు వేశాక అర్థమైంది. చూరులా ముందుకొచ్చిన పెద్ద బండ కింద రాయి మసిబారి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంది. ముళ్లకంప జరిపితే కింద బూడిద గుట్టలు, కోసిన నిమ్మకాయలు, కుంకుమ. ఆ వెనక మనిషి వంగి దూరేంత గుంత, లోపలికి చీకటి.

ఇక్కడి వాళ్లకు కొత్త కాని పద్ధతే ఇది. మందుగుండు పెడితే ఊరు లేస్తుంది. అదే బండ మీద కట్టెలు పేర్చి గంటలకొద్దీ కాల్చి నీళ్లు పోస్తే చప్పుడు లేకుండా చిట్లుతుంది. ఆ పొగకే పిట్టలూ తొండలూ గొండీ అన్నీ ఊరు విడిచాయి.

"గుప్తనిధుల తవ్వకం సార్. తవ్వేటోళ్లకు ఈ చోటికి మనుషులు రాకూడదు. అందుకని ముందు ఒక దుమ్ములగొండి కథ రాసినారు. జనం నమ్మినారు. గంగాధరప్ప నమ్మలేదు. దినామూ ఈ దారినే పోయినాడు, ఒకరోజు చూడకూడనిది చూసినాడు. ఆ శవాన్ని తెచ్చి ముందే రాసుకున్న కథలో పడుకోబెట్టినారు."

"గుప్తనిధుల పిచ్చోళ్లు ఈ జిల్లాలో ఏ గుట్టను వదిలినారమ్మా? అది వేరే కేసు. ఇది వేరే కేసు."

"శవం దొరికినప్పటి ఫోటోలు చూపీండి."

మల్లికార్జున కవరు ఆమె చేతిలోకి విసిరినంత పని చేశాడు. మూడో ఫోటో దగ్గర హేమలత వేళ్లు ఆగాయి. గీత బయట, ట్రాక్టరు దారి వైపు, గంగాధరప్ప టైరు చెప్పులు పక్కపక్కనే పొందికగా ఉన్నాయి.

"వీటిని ఎవురన్నా సర్దినారా?"

"ఎవరూ ముట్టలేదు. ఫోటో తీసినాకనే ఎత్తినాము. లోపలికి వస్తా విడిచినాడు. ఊర్లో అందరూ విడుస్తారు."

"బాగా చూడండి. ఎడమకాలిది కుడిపక్కన ఉండాది. కుడికాలిది ఎడమపక్కన. తన చెప్పులు తాను విడిచిన మనిషికి జత ఇట్లా మారదు. వేరే మనిషి ఎదురుగా కూర్చొని, కాళ్ల నుంచి తీసి, తన కుడిచేతికొచ్చింది కుడిపక్క, ఎడమచేతికొచ్చింది ఎడమపక్క పెడితే ఇట్లొస్తుంది."

ఇన్‌స్పెక్టర్ ఫోటో లాక్కుని చూశాడు.

"సచ్చిన మనిషికి చెప్పులు తీసే పనేమి?" అన్నాడు గొంతు తగ్గించి.

"మనిషిని చంపడానికి వాడికి భయం లేదు సార్. ఆ మనిషిని చెప్పులతో అమ్మవారి గీత దాటించడానికి మాత్రం భయపడినాడు."

అయినా మల్లికార్జున పోలీసు కదా, అంత తొందరగా ఓడిపోతాడా! ఫోటోలు కవర్లో పెట్టేశాడు. "చూద్దాం లెండి. ఐదు దాటితే ఇటు ఎవరూ రాకూడదని దండోరా వేయించినా. రేపు ఫారెస్టోళ్లు బోను పెడతారు. మావాళ్లను కూడా ఇక్కడి నుంచి ఎత్తేస్తాండా."

* * *

హేమలత కాలేజీకి తిరిగొచ్చేసరికి నాలుగుంపావు. వరండాలో తరగతి గదులన్నిటికీ తాళాలు. ఆ తాళాలు చూస్తూ నడుస్తుంటే మనసులో ఏదో చిన్నగా గుచ్చుకుంది. ఏమిటో తేల్చుకునేలోపే ల్యాబు గుమ్మం ముందు నీలి హవాయి చెప్పులు కనపడ్డాయి. హమ్మయ్య, పిల్ల లోపలే ఉందనుకుంది.

తన చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఫ్యాను టకటకమని తిరుగుతోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆశ్రితా!"

జవాబు లేదు. ఫోన్ చేస్తే బల్ల సొరుగులోనే మోగింది. తెర మీద అదే వ్యాసం తెరిచి ఉంది. చివర్లో ఒక వాక్యం పెరిగింది.

'ఫిబ్రవరి 14 సాయంత్రం అదే స్థలంలో ఒక డిగ్రీ విద్యార్థిని కూడా దుమ్ములగొండికి బలయ్యింది.'

రాసినవారు: ఆశ్రిత. సమయం: మూడూ యాభై.

హేమలత తెర మీదకు వంగి రాసినవారి పేర్లు మళ్లీ చూసింది. రెండు వాక్యాలూ ఆ పిల్ల పేరుతోనే. రేపు శవం దొరికితే ఇన్‌స్పెక్టర్‌కు కథ సిద్ధంగా ఉంటుంది: తప్పు చేసిన పిల్ల తన చావు తానే రాసుకుని గుండ్ల దగ్గరకు పోయింది.

ఒక్క ఉదుటున గుమ్మంలోకి వచ్చి కిందికి చూసింది. పిన్నీసు ఉన్న చెప్పు కుడిపక్కన ఉంది. ఎడమకాలిది కుడిపక్కన, కుడికాలిది ఎడమపక్కన. ఎవరో గదిలోంచి గుమ్మంలోకి వచ్చి, బయటికి ముఖం పెట్టి, పెనుగులాటలో చెదిరిన ఆ జతను సర్ది ఎదురుగా నిలబెట్టారు. చూసినవాళ్లు పిల్ల లోపలే ఉందనుకోవాలని. తనూ అట్లాగే అనుకుంది.

అప్పుడు తాళాలు వేసిన తరగతి గదులు మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి. రెండో శనివారం. కాలేజీకి సెలవు. "నాకు క్లాసు ఉంది సార్." కింద చూడకుండానే, మాట ఆపకుండానే బూట్లు జార్చిన ఆ కాళ్లు. తనకు నవ్వొచ్చింది అప్పుడు! ఆశ్రిత ల్యాబులో ఒక్కతే ఉందని పౌరుషంగా అరిచి మరీ ఆ మనిషి చెవిన వేసింది తనే. సిగ్గుతో, కోపంతో హేమలత ముఖం మండిపోయింది.

ఫోన్ తీసి మల్లికార్జున నంబరు నొక్కింది.

"ఏమ్మా, మళ్లీ ఏం..."

"నారాయణప్ప ఆశ్రితను తీసుకుపోయినాడు సార్. పేజీలో కొత్త వాక్యం వినండి." చదివింది. "ఇతను ముందు రాస్తాడు, తర్వాత చేస్తాడు. సాయంత్రం అని రాసినాడు. ఇంకా పొద్దుంది. అంటే ఆ పిల్ల ఇంకా బతికే ఉంది. మీరు జనాన్ని, మీవాళ్లను అందరినీ ఎత్తేసి ఆ చోటు ఖాళీ చేసిచ్చినారు సార్. వాడికి కావలసింది అదే."

"జీపు తిప్పుతాండా," అన్నాడు మల్లికార్జున. గొంతులో వెటకారం లేదు. "ఎన్ని దారులున్నాయో అన్నీ మూయిస్తా. గీత దగ్గరైనా ఆగుతాడు కదమ్మా? చెప్పులు తీయాలని ఆగుతాడు..."

హేమలత వంగి ఆ నీలి జతను చేతిలోకి తీసుకుంది. పిన్నీసు వేలికి గుచ్చుకుంది.

"ఆగడు సార్," అంది. "ఈసారి పిల్ల చెప్పులు ఇక్కడే వదిలించి పోయినాడు."

తనవి తొడుక్కోవడం కూడా మరిచిపోయి, ఆశ్రిత చెప్పులు గుండెకు అదుముకుని, హేమలత కాలిపోతున్న నేల మీద గుండ్ల వైపు పరుగెత్తింది.